ముఖానికి రాసే ముందు ఒక మాట

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా నల్గొండ, పాలమూరు వైపు నుంచే వచ్చాయి. అందరూ అడిగింది దాదాపు ఒకటే, ఫలానా వస్తువు మంచిదేనా అని. ఎవరి ముఖానికి, ఏ నీళ్లతో, ఎంత ఎండలో అన్నది తెలియకుండా దేన్నీ మంచిదనో చెడ్డదనో చెప్పలేను, అందుకే జవాబులు కొన్ని పొడుగయ్యాయి.

ప్రశ్న: అక్కా, నేను నల్గొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రకాశం బజార్‌లో దొరికే తక్కువ ధర నెయిల్ పాలిష్‌లు కొని, వేసుకుని చూసి రివ్యూలు పెడదామని ఉంది. నిజంగా నలుగురికీ పనికొచ్చేలా చేయాలంటే ఏమేం చూడాలి?

జవాబు: మంచి పని పెట్టుకున్నావు చెల్లె. ఖరీదైన సీసాల గురించి చెప్పేవాళ్లు బోలెడు మంది, కంగన్ హాల్‌లో, అంటే గాజుల కొట్టులో, యాభై రూపాయలకు దొరికే సీసా గురించి ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లే తక్కువ, మన దగ్గర ఎక్కువ మంది కొనేదేమో అదే. వేసుకున్న రోజు తీసిన ఫొటోను రివ్యూ అనుకోకు, ఆ రోజు ఏ రంగైనా మెరుస్తుంది. అంట్లు తోమి, బట్టలు పిండి, చేత్తో అన్నం కలుపుకుని తిన్నాక ఏ వేలికి ముందు పెచ్చు లేచింది, గోరు కొస దగ్గర లేచిందా మొదట్లో లేచిందా, అది రాయి. చాలామంది కుడిచేతికి కొత్తది, ఎడమచేతికి పాతది వేసుకుని పోల్చి చూస్తారు. అది సరైన పోలిక కాదు, ఎందుకంటే పనంతా కుడిచెయ్యే చేస్తుంది కాబట్టి దానికి వేసిన రంగు ఎలాగూ ముందు పోతుంది. ఒకే చేతికి ఒక వేలికి ఇది, పక్క వేలికి అది వెయ్యి, రెండోసారి వేళ్లు మార్చి వెయ్యి, అప్పుడు తేడా తెలుస్తుంది.

వేసే పద్ధతి ప్రతిసారీ ఒకేలా ఉండాలి, లేకపోతే తప్పు నీ చేతిదో పాలిష్‌దో తేలదు. తలకు నూనె పెట్టుకున్న వేళ్ల మీద ఏ పాలిషూ పట్టదు, రిమూవర్ అద్దిన దూదితో గోరును ఒకసారి తుడిచి ఆరనిచ్చి మొదలుపెట్టు. ఎరుపు, మెరూన్ లాంటి ముదురు రంగులకు కింద బేస్ కోట్ తప్పకుండా వేసుకో, లేకుంటే గోళ్లు పసుపుపచ్చగా మారతాయి. మందంగా ఒకే పూత కాకుండా పల్చగా రెండు పూతలు, మధ్యలో మొదటిది ఆరేంత ఆగాలి. సీసాను గట్టిగా ఊపకు, బుడగలు వస్తాయి, రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లిస్తే చాలు.

ఇంకో సంగతి మన ఎండాకాలం. పాలిష్‌లో గోరు మీద పొరలా నిలిచేది నైట్రోసెల్యులోజ్, దాన్ని ద్రవంగా ఉంచేవి ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ లాంటివి, అవి ఊరికే ఆవిరైపోయే రకం. మే నెలలో రేకుల కప్పు కింద, మూత సరిగా బిగించకుండా ఉన్న సీసా చిక్కబడి తీగలు సాగుతుంది. బ్రష్ పైకెత్తినప్పుడు బొట్టు నెమ్మదిగా జారి కింద పడాలి, జిగురులా వేలాడితే అది పాత సరుకు, కొనకు. ఇంట్లో చిక్కబడినదాంట్లో రిమూవర్ పోసేవాళ్లున్నారు, దాంతో రంగు పట్టు పోతుంది, పాలిష్ థిన్నర్ అని వేరే దొరుకుతుంది, అది రెండు మూడు చుక్కలు వేస్తే చాలు.

సీసా మీద 'త్రీ ఫ్రీ' అని ఉంటే ఫార్మాల్డిహైడ్, టోలుయీన్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడూ వెయ్యలేదని అర్థం. అది మంచిదే కానీ ఎలర్జీ రాదని హామీ కాదు. నెయిల్ పాలిష్ ఎలర్జీ చాలాసార్లు వేళ్ల మీద కనిపించదు, కనురెప్పల మీద, మెడ మీద దురదగా, పొట్టు లేచినట్టుగా కనిపిస్తుంది, ఎందుకంటే మనం తెలియకుండానే వాటిని గోళ్లతో తాకుతూ ఉంటాం. పాపం చాలామంది కాటుకను, సబ్బును అనుమానించి అవి మారుస్తూ ఉంటారు. ఇది నీ రివ్యూల్లో తప్పకుండా రాయి. రిమూవర్ సీసాను గ్యాస్ పొయ్యి దగ్గరకు, దేవుడి దీపం దగ్గరకు తీసుకెళ్లొద్దనీ రాయి, అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. షాపువాళ్లు ఏదైనా ఊరికే ఇస్తే ఆ సంగతి మొదటి లైన్లోనే చెప్పెయ్.

ప్రశ్న: మాది మర్రిగూడ వైపు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. అందుకేనా ఏ ఫేస్‌వాష్ వాడినా ముఖం బిగుసుకుపోయి తెల్లగా పొడిబారుతోంది? హైదరాబాద్‌లో ఉన్న మా అక్క అదే ఫేస్‌వాష్ బ్రహ్మాండంగా ఉందంటుంది.

జవాబు: ఫ్లోరైడ్ వల్ల మన ప్రాంతం పడిన కష్టం అందరికీ తెలిసిందే, కానీ ఆ నష్టం నీళ్లు తాగడం వల్ల పళ్లకూ ఎముకలకూ జరిగేది. ముఖం బిగుసుకుపోవడానికి అసలు కారణం బోరు నీళ్ల గట్టిదనం, అంటే వాటిలోని కాల్షియం, మెగ్నీషియం. అవి సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా మారి చర్మం మీద ఉండిపోతాయి, బకెట్ అంచుకు పట్టే తెల్లచార కూడా ఇలాంటిదే. కావాలంటే ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసాలో మీ బోరు నీళ్లు, ఇంకో సీసాలో మిషన్ భగీరథ నల్లా నీళ్లు పోసి, రెండింట్లో కొంచెం సబ్బు తరుగు వేసి ఊపి చూడండి. నురగ తక్కువగా, మడ్డిగా ఉన్నది గట్టి నీళ్లు. మీ అక్కకు కుదిరింది మీకు ఎందుకు కుదరలేదో అప్పుడు కళ్లతోనే తెలుస్తుంది.

కాబట్టి ముఖానికి మామూలు సబ్బు వద్దు, 'సోప్ ఫ్రీ' అని రాసి ఉన్న క్లెన్సర్ తీసుకోండి, గట్టి నీళ్లలో అది తెట్టు కట్టదు. కడిగాక తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. వీలైతే ముఖం వరకైనా నల్లా నీళ్లు ఒక మగ్గు పక్కన పెట్టుకోండి. కొత్తది ఏది కొన్నా ముందు మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు వాడి చూడండి. క్రీమైతే అలాగే ఉంచాలి, ఫేస్‌వాష్ అయితే ముఖం మీద ఎంతసేపు ఉంచుతారో అంతసేపే ఉంచి కడిగెయ్యాలి. దురద, ఎరుపు లేకపోతేనే ముఖానికి.

ప్రశ్న: అమ్మా, మాది జడ్చర్ల. మా అమ్మాయి పెళ్లి చూపులని పార్లర్‌లో ఇచ్చిన డబ్బా క్రీమ్ రాసింది. డబ్బా మీద పేరు లేదు. కొద్ది రోజుల్లోనే ముఖం తెల్లబడింది, అందరూ మెచ్చుకున్నారు. మానేసిన వెంటనే ముఖమంతా ఎర్రగా కంది, మంట, చిన్న చిన్న పొక్కులు. మళ్లీ రాస్తే తగ్గుతోంది. చెంపల మీద నూగు కూడా పెరిగింది. ఏం చెయ్యాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీరు రాసింది చదువుతుంటే అందులో స్టెరాయిడ్ కలిపారన్న అనుమానం బలంగా కలుగుతోంది. రాస్తే తగ్గడం, ఆపితే మంట, కొత్తగా నూగు, ఈ మూడూ కలిసి కనిపిస్తే చర్మ డాక్టర్లు ముందు అడిగేదే అది. బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ లాంటివి గజ్జి, తామర, సోరియాసిస్ అని తేడా లేకుండా జనం దేనికి పడితే దానికి రాసేస్తున్న ట్యూబుల్లో ఉండే మందులు. ముఖానికి రాస్తే అవి రక్తనాళాలను బిగించి, రంగును తగ్గిస్తాయి, అందుకే మొదట తెల్లగా, నున్నగా అనిపిస్తుంది. వాడగా వాడగా చర్మం పల్చబడుతుంది. ఆపగానే బిగిసిన నాళాలన్నీ ఒక్కసారిగా విచ్చుకుని ముఖం మండిపోతుంది. మళ్లీ రాస్తే తగ్గుతుంది కాబట్టి క్రీమ్ మంచిదే అనుకుంటాం. అమ్మాయి తప్పేమీ లేదు, మందు పని చేసే తీరే అలాంటిది.

ఇలాంటి పూత స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో వాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. పేరు లేని డబ్బాలో కలిపి ఇచ్చినప్పుడు ఆ రక్షణ ఏదీ మనకు అందదు. పాదరసం సంగతి ఇంకా భయపెడుతుంది. తెల్లబరిచే క్రీముల్లో కొన్నింట్లో దాన్ని కలుపుతున్నారు, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, తువ్వాళ్లు, దిండు గలీబుల ద్వారా ఇంట్లో చిన్నపిల్లలకూ చేరుతుంది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం కావాలని కలపకూడదు, పొరపాటున చేరినా పది లక్షల వంతుల్లో ఒక వంతు దాటకూడదు. పాదరసం వాడకాన్ని అదుపు చేయడానికి కుదిరిన మినమాటా ఒప్పందంలో ఉన్న దేశాలు 2023లో కూర్చుని, 2025 తర్వాత పాదరసం ఉన్న సౌందర్య సాధనాలు ఎక్కడా తయారు కాకూడదని తీర్మానించుకున్నాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఆ డబ్బాను పారెయ్యకండి, ఒక కవర్లో చుట్టి వెంట తీసుకుని అమ్మాయిని మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లండి, జడ్చర్ల నుంచి దగ్గరే. ఎంత కాలం వాడిందో దాచకుండా చెప్పమనండి, ఒక్కసారిగా ఆపాలా మెల్లగా తగ్గించాలా అన్నది దాన్ని బట్టే డాక్టర్ నిర్ణయిస్తారు. చూపించుకునే లోపు పసుపు, నిమ్మరసం, సున్నిపిండి, ఆవిరి, బ్లీచ్, ఏదీ ముఖానికి తగలకూడదు. నిమ్మరసం రాసి ఎండకు వెళితే చర్మం కాలి నల్లబడుతుంది, పైగా ఇప్పటికే పల్చబడిన ముఖం అది. చల్లటి నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజర్, పొయ్యి వేడికి దూరం, అంతే. తగ్గడానికి నెలలు పట్టొచ్చు, మధ్యలో ఎవరో ఒకరు ఇంకో క్రీమ్ చెబుతారు, వినకండి. పెళ్లివాళ్లు ఏమంటారోనని పాత డబ్బా మళ్లీ తెరవడం మాత్రం వద్దే వద్దమ్మా. మీకు ధైర్యం ఉంటే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి, ఆ పార్లర్‌కు వెళ్లే మిగతా ఆడపిల్లలకు మేలు చేసినవాళ్లవుతారు.

ఇది చదివే మిగతావాళ్లంతా కొనే ముందు డబ్బా తిప్పి చూడండి. తయారు చేసినవాళ్ల పేరు, చిరునామా, బ్యాచ్ నంబర్, గడువు తేదీ, లైసెన్స్ నంబర్, అందులో ఏమేం కలిపారన్న జాబితా ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి చేసినవాళ్ల చిరునామా, రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఇవి లేనిదాన్ని రివ్యూ చేయమని ఇకపై నాకు పంపకండి, నేను మూత కూడా తియ్యను.

ప్రశ్న: నేను దేవరకొండ దగ్గర ఆశా వర్కర్‌ని. స్కూటీ మీద ఊళ్లు తిరగాలి. సన్‌స్క్రీన్ రాస్తే ముఖం బూడిద పూసినట్టు తెల్లగా అవుతోంది, చెమటకు కళ్లు మండుతున్నాయి. ఎస్‌పీఎఫ్ 30 కొనాలా, 50 కొనాలా?

జవాబు: ఎస్‌పీఎఫ్ 30 రకం, ఎండలో చర్మాన్ని కాల్చే యూవీబీ కిరణాల్లో 97 శాతం ఆపితే 50 రకం 98 శాతం ఆపుతుంది, అంతే తేడా. ఎంత రాస్తున్నారన్నదే ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు తీస్తే వచ్చేంత ముఖానికీ మెడకూ కావాలి, మనలో చాలామంది శనగగింజంత రాసి ఫలితం లేదంటాం. ట్యూబు మీద పీఏ అని ఉంటుంది, అది ఎండలోని యూవీఏ అనే ఇంకో రకం కిరణాల నుంచి కాపాడేదానికి గుర్తు, దాని పక్కన ప్లస్ గుర్తులు ఎన్ని ఎక్కువుంటే అంత మంచిది. తెల్లగా కనిపించేది జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వల్ల, మన చామనఛాయకు లేత గోధుమ రంగు కలిపిన టింటెడ్ రకం బాగా కలిసిపోతుంది, అందులోని ఐరన్ ఆక్సైడ్ మంగు మచ్చలు ఉన్నవాళ్లకు అదనపు మేలు. కనురెప్పలకు దగ్గరగా రాయకండి, అక్కడికి చలువ కళ్లద్దాలు పెట్టుకోండి. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, కుదరని రోజు స్కార్ఫ్ గట్టిగా కట్టుకోండి. ట్యూబును స్కూటీ డిక్కీలో వదిలెయ్యొద్దు, ఆ వేడికి మందు విరిగిపోయి నీళ్లు వేరు, ముద్ద వేరు అవుతుంది.

ప్రశ్న: స్టిక్కర్ బొట్టు పెట్టుకునే చోట తెల్లమచ్చ పడింది. మా అత్తమ్మ బొల్లి అంటోంది. నిజమేనా? (ఒక సోదరి, వనపర్తి)

జవాబు: కంగారుపడకు చెల్లె. స్టిక్కర్ వెనక ఉండే జిగురులో కొన్ని రసాయనాలు, ముఖ్యంగా పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనేది, చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బతీస్తాయి, సరిగ్గా బొట్టు ఆకారంలోనే తెల్లబడుతుంది. ముందు దురద, ఎరుపు వచ్చి ఉంటాయి, గుర్తు చేసుకో. స్టిక్కర్లు ఈరోజే ఆపెయ్, బ్రాండ్ మార్చి చూడటం కూడా వద్దు. అక్కడ కుంకుమ కూడా కొన్నాళ్లు పెట్టకు, అందులోని రంగులు పడని చర్మాలూ ఉంటాయి. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే చర్మ డాక్టర్‌కు చూపిస్తే రంగు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ, ఆలస్యం చెయ్యకు. అత్తమ్మను కూడా వెంట తీసుకెళ్లు, డాక్టర్ నోటితో వింటే ఆమెకూ ధైర్యంగా ఉంటుంది.