గుర్తుచేసే బాట్‌కి బీరువా తాళాలెందుకు?

మాదాపూర్ నుంచి ఒక పాఠకుడు రాశారు: "మా టీమ్‌లో తొమ్మిది మందిమి. పుల్ రిక్వెస్టులు (కోడ్‌లో చేసిన మార్పులు చూసి కలపమనే వినతులు) రివ్యూ లేకుండా మూడేసి రోజులు పడి ఉంటున్నాయి. అందుకని మా కోడ్ ఉండే గిట్‌హబ్‌లో, పనులు వాటంతటవే నడిపే 'యాక్షన్స్'లో చిన్న స్క్రిప్టు రాసి, రోజూ ఉదయం పదింటికి మా ఆఫీసు చాట్ స్లాక్‌లో గుర్తుచేసే బాట్ పెట్టాను. అదేమో మధ్యాహ్నం మూడున్నరకి మోగుతోంది. పైగా సగం మంది చానెల్‌ని మ్యూట్ చేసేశారు. స్క్రీన్‌షాట్ జతచేశాను, చూసి చెప్పండి."

చూశాను. టైము సంగతి తర్వాత మాట్లాడదాం. ఆ స్క్రీన్‌షాట్‌లో మూడో లైనులో మీ గిట్‌హబ్ టోకెన్, అంటే పాస్‌వర్డ్ బదులు బాట్ వాడే తాళం, ఒక్క అక్షరం కూడా చెరపకుండా నిక్షేపంగా కనిపిస్తోంది, దాని కిందే చానెల్‌లోకి మెసేజ్ పంపే స్లాక్ వెబ్‌హుక్ లింకు కూడా. ఈ నెలలో నాకు ఇలా వచ్చిన మెయిళ్లలో ఇది మూడోది! ముందు వెళ్లి ఆ టోకెన్ రద్దు (రివోక్) చేసి రండి, మిగతాది తర్వాత చదవొచ్చు. ఆ లైను తీసేసి మళ్లీ సేవ్ (కమిట్) చేశాను కదా అనకండి. గిట్‌లో పాత కమిట్ ఎక్కడికీ పోదు, రిపో (కోడ్ ఉండే ఖజానా) చూడగలిగినవాళ్లు ఎవరైనా వెనక్కి వెళ్లి తాపీగా చదువుకోవచ్చు.

"రిమైండరే కదండీ, దానికింత టెన్షన్ దేనికి" అని ప్రతివాళ్లూ అనే మాటే. బాట్ చేసే పని చిన్నదే, మీరు దాని చేతికిచ్చిన తాళమే పెద్దది. మీది పాతరకం 'క్లాసిక్' టోకెన్, అందులో 'రిపో' అనే గడికి టిక్కు పెట్టారు. ఆ ఒక్క టిక్కుతో మీ పేరు మీద ఏయే ప్రైవేటు రిపోలు తెరుచుకుంటాయో అన్నింట్లో చదవడం, రాయడం రెండూ వచ్చేస్తాయి. ప్రైవేటు రిపోలకి చదవడం మాత్రమే చాలు అని చెప్పే గడి అందులో అసలు లేదు. ఆ డిజైన్ చేసిన మహానుభావుల మీద కూడా నాకు కోపమే, గడువు అక్కర్లేదు అనే ఆప్షన్ కూడా అక్కడే పెట్టారు, మనవాళ్లు సరిగ్గా దాన్నే ఎంచుకుంటారు. అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకర్ వచ్చిందని కాలింగ్ బెల్ కొట్టి చెప్పే వాచ్‌మన్‌కి బీరువా తాళాలు ఇస్తామా?

ఉబర్‌లో 2016లో జరిగింది ఇదే తంతు. ఇంజినీర్ల ప్రైవేటు గిట్‌హబ్ రిపోలోకి దూరినవాళ్లకి అక్కడ క్లౌడ్ కీలు దొరికాయి, వాటితో సుమారు 5.7 కోట్ల మంది ప్రయాణికులు, డ్రైవర్ల వివరాలు పట్టుకుపోయారు. ఆ విషయం లోకానికి తెలిసింది ఏడాది తర్వాత. ఇంకోటి 2025 మార్చిలో. 23,000కు పైగా రిపోలు వాడుతున్న ఒక రెడీమేడ్ యాక్షన్‌లోకి (వేరేవాళ్లు రాసిపెట్టిన స్క్రిప్టు ముక్కలోకి) ఎవరో చొరబడి, పాత వెర్షన్ ట్యాగులన్నింటినీ తమ కోడ్ వైపు తిప్పేశారు. అది నడిచిన చోటల్లా రహస్యాలు పని రికార్డుల్లోకి (లాగ్స్) వచ్చి పడ్డాయి. మీ స్క్రిప్టులో కూడా స్లాక్‌కి మెసేజ్ పంపడానికి ఊరూపేరూ తెలియని యాక్షన్ ఒకటి ట్యాగుతో పెట్టారు. దాన్ని, ట్యాగులా తిప్పేయడానికి వీల్లేని పూర్తి కమిట్ హ్యాష్‌తో (ఆ కమిట్ గుర్తింపు సంఖ్యతో) కట్టేయండి, లేదా తీసి పారేయండి. వెబ్‌హుక్‌కి మెసేజ్ పంపడానికి ఒక్క కర్ల్ (లింకుకి డేటా పంపే కమాండ్) లైను చాలు.

వెబ్‌హుక్ లింకుని చాలామంది అడ్రసు అనుకుంటారు, నిజానికి అదే పాస్‌వర్డ్. ఆ లింకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మీ చానెల్‌లో బాట్ పేరుతో మాట్లాడొచ్చు, ఇంకేమీ అడగదు. నాకు ఎక్కువ భయం దీంతోనే. రోజూ పదింటికి లింకు పంపే బాట్‌ని జనం నమ్మేస్తారు. ఒకరోజు అదే బాట్ "వీపీఎన్ పాస్‌వర్డ్ మార్చాలి, ఇక్కడ నొక్కండి" అందనుకోండి. చేతిలో టీ గ్లాసు, ఎదురుగా స్టాండప్ మీటింగు, ఎవరు అనుమానిస్తారు? అందుకని ఆ లింకు కూడా రద్దుచేసి కొత్తది తీసుకోండి, రెండింటినీ గిట్‌హబ్‌లో రహస్యాలు దాచే 'సీక్రెట్స్'లో పెట్టండి. ఒకే రిపో అయితే విడిగా టోకెన్ కూడా అక్కర్లేదు, యాక్షన్ నడిచేటప్పుడు దానంతటదే ఒకటి పుడుతుంది, పనైపోగానే చస్తుంది. దానికి పుల్ రిక్వెస్టులు చదివే అనుమతి ఒక్కటే ఇవ్వండి. నాలుగైదు రిపోలుంటే గిట్‌హబ్ యాప్ (మనిషి ఖాతాతో కాక సొంత పేరుతో నడిచేది) పెట్టుకోండి, దాని టోకెన్లకి గంటే ఆయుష్షు.

ఇక టైము. ఎప్పుడు నడవాలో చెప్పే క్రాన్ లైనులో మీరు 10 అని రాశారు, అది మామూలుగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్క. హైదరాబాద్ దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది, అందుకే మూడున్నర. 37 4 * * 1-5 అని రాస్తే సోమవారం నుంచి శుక్రవారం దాకా 10:07కి మొదలవుతుంది. సరిగ్గా గంట మొదట్లో పెట్టకండి, ప్రపంచమంతా అప్పుడే పెడుతుంది, రద్దీకి ఆలస్యమవుతుంది. బోనాల సోమవారం సెలవని దానికి తెలియదు, ఆ రోజు కూడా మోగుతుంది, భరించండి.

మ్యూట్ చేసినవాళ్ల తప్పు మాత్రం నాకేం కనపడలేదు. మీ బాట్ చానెల్ మొత్తాన్ని పిలిచి పద్నాలుగు లింకులు కుమ్మరిస్తోంది, అందులో ఇంకా పూర్తికాని డ్రాఫ్టులున్నాయి, రివ్యూ అయిపోయి రాసినవాళ్లే సరిదిద్దాల్సినవీ ఉన్నాయి. పెళ్లింట్లో "ఎవరైనా కాస్త మంచినీళ్లు చూడండర్రా" అని కేకేస్తే ఎవరు లేస్తారు? ఒక రోజు దాటినవే తీసుకుని, ఎవరు చూడాలో వాళ్ల పేరే పెట్టి అడగండి. ఏమీ లేని రోజు బాట్ నోరు మూసుకోవాలి, "అంతా క్లియర్" అని చప్పట్ల బొమ్మ పెట్టనక్కర్లేదు. మా ఇంట్లో వాషింగ్ మెషీన్‌కి ఒక యాప్ ఉంది. ఉతకడం అయ్యిందని ఒకసారి, బట్టలు తియ్యలేదని ఒకసారి, ఈ వారం బాగా ఉతికారని ఇంకోసారి! అప్‌డేట్ వచ్చాక పండగ ఆఫర్లు కూడా. విసిగిపోయి దాని నోటిఫికేషన్లు ఆపేశాను, మొన్న నీళ్లు రాక మధ్యలో ఆగిపోతే తెలియక బట్టలు రాత్రంతా నానాయి. నాన్నా పులి కథ చిన్నప్పుడు అందరం చదివినవాళ్లమే, యాప్‌లు చేసేవాళ్లు తప్ప!

అన్నట్టు, మీది సంస్థ ఖాతా అయితే గిట్‌హబ్‌లోనే 'షెడ్యూల్డ్ రిమైండర్స్' ఉన్నాయి. స్లాక్‌కి పంపుతాయి, టైమ్‌జోన్ ఎంచుకోవచ్చు, డ్రాఫ్టులు వదిలేయమనొచ్చు. స్క్రిప్టు రాసే ముందు సెట్టింగ్స్ ఒకసారి చూసి ఉంటే ఈ మెయిలే ఉండేది కాదు.

కూకట్‌పల్లి నుంచి ఇంకొకరు: "బాగా నడుస్తున్న రిమైండర్ బాట్ జూన్‌లో చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. ఎర్రర్ కూడా ఎవరికీ రాలేదు." మీ మెయిలు చివర్లోనే జవాబుంది, దాన్ని పెట్టినాయన మేలో ఉద్యోగం మారారన్నారు. బాట్ ఆయన సొంత టోకెన్ మీద నడిచింది, సంస్థ నుంచి ఆయన్ని తీసేయగానే ఆ టోకెన్‌కి మీ రిపోలు కనపడటం మానేశాయి. ఫెయిలైన మెయిళ్లు షెడ్యూల్ పెట్టినవాళ్లకే వెళ్తాయి, మీకు రావు. గిట్‌హబ్ యాప్ పేరుతో మళ్లీ పెట్టుకోండి. వెబ్‌హుక్ లింకు ఆయన దగ్గర ఇంకా ఉంటుంది, ఈరోజే మార్చేయండి.