సంచితో మొదలైన ప్రాక్టీసు

ప్రశ్న: లా చివరి ఏడాదిలో ఉన్నాను. కోర్టులో వాదించాలని, అందులోనూ ఉద్యోగుల కేసులు చేయాలని ఉంది. కానీ నలుగురి ముందు మాట్లాడాలంటే టెన్షన్. మీరు ఇటు ఎలా వచ్చారు?

జవాబు: నేనేమీ అనుకుని రాలేదు. మొదటి రెండేళ్లు సీనియర్ దగ్గర ఆస్తి తగాదాల ఫైళ్లు మోశాను. వాయిదాలు రాసుకోవడం, ఏ తేదీన ఏం జరిగిందో వరసగా రాసి పెట్టడం, అంతే. ఒకరోజు పదకొండేళ్లు పనిచేసిన స్టోర్‌కీపర్ ఒకాయన వచ్చారు. దొంగతనం చేశారని ఒక్క కాగితంతో తీసేశారట, సంజాయిషీ కూడా అడగలేదు. సీనియర్‌కు తీరిక లేక నాకప్పగించారు. ఆయన తెచ్చిన సంచిలో జీతం స్లిప్పులు, సెలవు చీటీలు అన్నీ ఉన్నాయి. దొంగతనం జరిగిందన్న రోజున ఆయన సెలవులో ఉన్నారు! నా వాదన కంటే ఆ సంచే ఎక్కువ పనిచేసింది.

అప్పుడే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందం చదివాను. తొలగించడానికి సరైన కారణం ఉండాలని 4వ అధికరణం, ప్రవర్తన మీద ఆరోపణైతే ముందు ఉద్యోగి మాట వినాలని 7వ అధికరణం చెబుతాయి. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు. అయినా చదవండి, చిన్నదే.

టెన్షన్ అంటారా, నాకు ఇప్పటికీ ఉంది. ఈ పనికి గొంతు కంటే ఓపిగ్గా చదవడం ముఖ్యం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నా ప్రశ్నలు చాలావరకు ఎదుటివాళ్ల ఈమెయిళ్లలోంచే పుడతాయి. ముందు అన్ని రకాల సివిల్ కేసులూ వచ్చే ఆఫీసులో చేరండి. యాజమాన్యాల తరఫున కూడా కొన్నాళ్లు చేయండి. నాకు మొదట నచ్చలేదు గానీ, క్రమశిక్షణ విచారణ ఎక్కడ గాడి తప్పుతుందో అక్కడే తెలిసింది.