చీకటి సినిమాలూ, పెన్సిలుతో వేసిన ఓటూ

ప్రశ్న: మా అబ్బాయి గ్లాస్గోలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ‘మా ఊరి సినిమా, చూడమ్మా’ అని ‘ట్రెయిన్‌స్పాటింగ్’ పేరు చెప్పాడు. అరగంట కూడా కూర్చోలేకపోయాను. సూదులు, మురికి, బూతులు! ఇలాంటివి ఎందుకు తీస్తారండీ? – ఒక అమ్మ, ఏలూరు

లేచి వెళ్లిపోయినందుకు మీరేమీ బాధపడకండమ్మా. నేనూ మొదటిసారి ఆ టాయిలెట్ సీను దగ్గరే లేచిపోయాను. పసిబిడ్డ చనిపోయే చోటు ఇప్పటికీ చూడలేను. మీ అబ్బాయితో ఒక మాట చెప్పండి. అది స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో హెరాయిన్‌కు అలవాటుపడ్డ కుర్రాళ్ల కథ. కాకపోతే చాలావరకు గ్లాస్గోలోనే తీశారు, కాబట్టి వాడన్నది పూర్తిగా తప్పూ కాదు.

ఎందుకు తీశారంటే, అదంతా నిజంగా జరిగింది కనుక. 1980ల్లో ఎడిన్‌బరోలో కుర్రాళ్లు హెరాయిన్ సూదులు ఒకరివి ఒకరు వాడుకుని హెచ్ఐవీ తెచ్చుకున్నారు. ‘యూరప్ ఎయిడ్స్ రాజధాని’ అని ఆ ఊరికి పేరు పడింది. 1996లో సినిమా వచ్చేసరికి ఆ ఇళ్లలో తల్లులు ఇంకా ఏడుస్తూనే ఉన్నారు. రక్తాన్ని అలంకారంలా చూపించే సినిమాలంటే నాకు గిట్టదు. ఇది అలాంటిది కాదు, చెడిపోయిన పిల్లల పక్కనే కూర్చుని తీసిన సినిమా.

అందులో ఒక సీను కోసమైనా ఇంకోసారి ప్రయత్నించండి. నలుగురు స్నేహితులు కొండల మధ్య కొరవర్ అనే చిన్న స్టేషన్లో రైలు దిగుతారు. ఒకడు కొండ ఎక్కుదాం రమ్మంటాడు. హీరో కదలడు. స్కాట్లాండ్‌లో పుట్టడమంత దరిద్రం లేదని అరుస్తాడు. ఇంగ్లీషువాళ్లను తిట్టడం కాదు, వాళ్ల చేతికి చిక్కిన మనల్ని మనం తిట్టుకోవాలి అన్నట్టు మాట్లాడతాడు. నేను ఆ స్టేషన్‌కి వెళ్లాను. గ్లాస్గో నుంచి రైల్లో దాదాపు మూడు గంటలు, అక్కడికి మామూలు రోడ్డు కూడా లేదు. ఒక ప్లాట్‌ఫామ్, నల్లటి బురద నేల, గోధుమరంగు నీళ్లు, ఎదురుగా కొండ. గాలికి నా చున్నీ తల మీద నిలవనే లేదు. అంత అందమైన చోట నిలబడి వాడు అంత కోపంగా ఎందుకు అరిచాడో నాకు అక్కడే అర్థమైంది. సొంత ఊరి మీద ప్రేమ లేనివాడికి అంత కోపం రాదు.

ప్రశ్న: మీరు అక్కడ ఉన్నప్పుడు స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద ఓటు వేశానని ఒకసారి రాశారు. ఆ దేశ పౌరులు కాకుండా ఎలా వేశారు? ఎటు వేశారు? – హనుమకొండ పాఠకుడు

వేశానండీ. 2014 సెప్టెంబర్ 18, గురువారం. బ్రిటన్ నుంచి స్కాట్లాండ్ విడిపోవాలా వద్దా అన్న ఓటు అది. స్కాట్లాండ్‌లో నివాసముంటున్న కామన్వెల్త్ దేశాల వాళ్లకు (మన దేశమూ అందులో ఉంది), యూరోపియన్ యూనియన్ వాళ్లకు ఓటు ఇచ్చారు. పదహారేళ్లు నిండిన పిల్లలకూ ఇచ్చారు. అక్కడే పుట్టి ఉద్యోగం కోసం ఇంగ్లండ్ వెళ్లినవాళ్లకు మాత్రం లేదు. గ్లాస్గోలో మేముండే పార్టిక్ పేటలో కింది ఇంటి పెద్దాయన గోవన్ షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన కూతురు మాంచెస్టర్లో ఉండేది, ఆమెకు ఓటు లేదు. పదహారేళ్ల మనవడికి ఉంది. తెనాలి నుంచి వెళ్లిన నాకూ ఉంది. ‘మా అమ్మాయి ఓటు నీకొచ్చింది, జాగ్రత్తగా వెయ్యి’ అన్నారాయన, మెట్ల దగ్గర నిలబడి. ఎగతాళి కాదు, నిజంగానే అన్నారు.

అదే ఏడాది జూన్ 2న తెలంగాణ వచ్చింది. నాతో పనిచేసే కరీంనగర్ అమ్మాయి ఆ రోజు స్వీట్లు పంచింది. నేను తీసుకున్నాను కానీ మనసులో బాధ ఉంది, దాచలేదు. మన దగ్గర ఆ నిర్ణయం ఫిబ్రవరిలో పార్లమెంటులో జరిగింది. అక్కడ మాత్రం ‘స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?’ అని ఒకే ప్రశ్న, అవును, కాదు అని రెండు గళ్లు. మేమిద్దరం లంచ్‌లో రోజూ వాదించుకునేవాళ్లం. తను అవును, నేను కాదు. తనది మనసు మాట, నాది లెక్కల మాట అనుకునేదాన్ని. ఇప్పుడైతే అలా అనను. నాదీ భయమే.

పోలింగు ప్రైమరీ స్కూల్లో. పిల్లలు వేసిన బొమ్మలు గోడల మీద అలాగే ఉన్నాయి. గుర్తింపు కార్డు అడగలేదు, వేలికి సిరా పెట్టలేదు. దారంతో కట్టిన పొట్టి పెన్సిలు ఇచ్చారు. పెన్సిలంటే చెరిపేస్తారేమో అని నాకు కాసేపు టెన్షన్. అడిగితే అక్కడ ఎప్పుడూ అంతేనన్నారు. ‘కాదు’ గడిలో గుర్తు పెట్టి, మడిచి వేశాను.

మర్నాడు ఫలితం వచ్చింది. కాదు 55.3 శాతం, అవును 44.7. కానీ మా గ్లాస్గో ఊరు మాత్రం 53.5 శాతం అవును అంది. పెద్దాయన కిటికీలోంచి ‘యస్’ అట్ట తీసేస్తుంటే నేను పులిహోర పట్టుకుని కిందికి వెళ్లాను. తలుపు తీశారు, గిన్నె తీసుకున్నారు, మాట్లాడలేకపోయారు. నా ఓటు ఎటో నేను ముందే చెప్పాను, ఆయనకు తెలుసు. మూడో రోజు గిన్నె కడిగి, అందులో షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు పెట్టి తెచ్చిచ్చారు.

విడిపోతే స్కాట్లాండ్‌కు యూరోపియన్ యూనియన్‌లో చోటు పోతుందేమోనన్నది నా కారణాల్లో ఒకటి. 2016 జూన్‌లో బ్రిటనే ఆ యూనియన్ నుంచి బయటికి వెళ్లాలని ఓటేసింది. స్కాట్లాండ్‌లో 62 శాతం మంది ఉండాలన్నారు, అయినా వెళ్లాల్సి వచ్చింది. ఆ కారణం నా చేతిలోనే చెల్లకుండా పోయింది. ఆ సంగతి పెద్దాయనతో నేనే ఒప్పుకున్నాను.

ప్రశ్న: మా బావగారికి, నాకు రోజూ ఇదే గొడవ. స్కాట్లాండ్ వాళ్లను భయపెట్టి ఓడించారంటారాయన. నిజమేనా? – రాజమండ్రి నుంచి

మీ బావగారిది సగం నిజం. 2014 ఫిబ్రవరిలోనే అప్పటి బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్, విడిపోతే పౌండును కలిసి వాడుకోనివ్వమని తేల్చేశారు. ఆగస్టు టీవీ చర్చలో ‘కాదు’ వాళ్ల నాయకుడు అలిస్టర్ డార్లింగ్ ‘పౌండు లేకపోతే మరి ఏం వాడతారు?’ అని మళ్లీ మళ్లీ అడిగితే, ‘అవును’ వైపు నాయకుడు, అప్పటి స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత అలెక్స్ సామండ్ సూటిగా చెప్పలేకపోయారు. పెన్షన్ తీసుకునే ఇంట్లో అది బెదిరింపులా వినిపిస్తుంది, కాదనను. కానీ నెలనెలా డబ్బు ఏ నోట్లలో వస్తుందని అడగడం తప్పెలా అవుతుంది? అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు సిద్ధం చేసుకోకపోవడం ‘అవును’ వాళ్ల తప్పు. నూటికి 84.6 మంది వచ్చి ఓటేశారు. అంతమందినీ భయమే లాక్కొచ్చిందంటే నేను నమ్మను. మా వీధిలో వృద్ధులు వాకర్ పట్టుకుని వచ్చారు.

మళ్లీ ఓటు పెట్టాలని స్కాట్లాండ్ పార్లమెంటు అనుకున్నా, లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం ఒప్పుకోకుండా ఆ చట్టం చేసే అధికారం లేదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. ఇది బావగారికి చెప్పండి, ఆయన వాదనకు బలమే వస్తుంది.

ప్రశ్న: చీకటి సినిమాలు (నేరం, చావు, మత్తు చుట్టూ తిరిగే కథలు) చూడ్డం మొదలుపెట్టాలనుంది. ఏది ముందు? – విశాఖ విద్యార్థిని

‘షాలో గ్రేవ్’, 1994. ట్రెయిన్‌స్పాటింగ్ తీసిన డానీ బాయిల్‌దే. ముగ్గురు స్నేహితుల అద్దె ఇంట్లోకి నాలుగోవాడు వస్తాడు, చనిపోతాడు, అతని గదిలో సూట్‌కేసు నిండా డబ్బు. మిగతాది నేను చెప్పను. గంటన్నరే. హాస్టల్లో రూమ్మేట్లతో కలిసి చూడు, ఒక్కదానివే వద్దు.