ఎకో రిపోర్టులోని ఈ.ఎఫ్. గుండె పంపే రక్తం లెక్కేనా?

“గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతుందో ఎలా కొలుస్తారు? ఎకో (గుండె అల్ట్రాసౌండ్ పరీక్ష) రిపోర్టులో రాసే ఈ.ఎఫ్. అదేనా?” అని అడిగారు. కానే కాదు. గుండెలో నిండిన రక్తంలో నూటికి ఎంత బయటికి పోయిందో ఈ.ఎఫ్. (ఎజెక్షన్ ఫ్రాక్షన్) చెబుతుంది, ఎంత నిండిందో చెప్పదు. 120 మిల్లీలీటర్లు పట్టే గుండెకు 60 శాతమంటే 72. గోడలు మందమెక్కి 60 మాత్రమే పట్టే గుండెకు అదే 60 శాతం 36 మిల్లీలీటర్లే.

మాది ఆంధ్రా-ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి. బడిపంతులుగా పనిచేసి రిటైరైన మా నాన్నగారికి పెరటి బావి దాకా నడిచినా ఆయాసం వచ్చేది. ఎవరికి చూపించినా ఈ.ఎఫ్. 60 ఉంది కదా అని బలానికి మాత్రలు రాసి పంపేవారు. మా సరిహద్దు ఊళ్ళలో ఆ ఒక్క అంకెను పాసు మార్కులా చూడడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

చివరికి విశాఖపట్నంలో ఎకో తీసిన డాక్టరుగారు నాన్నగారిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, “ఊపిరి వదిలి ఒక్క క్షణం ఆపండి, మాస్టారూ” అంటూ, బృహద్ధమని కవాటానికి కాస్త కింద రక్తం బయటికి వెళ్ళే దారి వెడల్పును తెరమీద రెండు గుర్తులు పెట్టి కొలిచారు. తరువాత రక్తం వేగాన్ని కొలిచే డాప్లర్ పెట్టగానే అడ్డగీతకు దిగువన త్రికోణాలు వరుసగా కనిపించాయి. వాటిలో ఒకదాని అంచు వెంట గీసేసరికి, ఒక్క స్పందనలో రక్తం ఎంత దూరం జరిగిందో యంత్రం చూపింది. అది 12 సెంటీమీటర్లు. మామూలుగా 18 నుంచి 22 దాకా ఉండాలి. వెడల్పు 2 సెంటీమీటర్లు కనుక వైశాల్యం 3.14, దాన్ని 12తో గుణిస్తే స్పందనకు సుమారు 38 మిల్లీలీటర్లు, నిమిషానికి 80 స్పందనలకు 3 లీటర్లు. విశ్రాంతిలో ఉన్న మనిషికి దాదాపు 5 లీటర్లు అందాలి. గోడలు ఎందుకు మందమెక్కాయో వెతకడం ఆ తరువాతే మొదలైంది.

ఈ పద్ధతిలో వెడల్పే కీలకం. 2కు బదులు 1.8 అని కొలిస్తే లెక్క ఐదో వంతు తగ్గిపోతుంది. అందుకే ప్రమాణంగా ఇప్పటికీ 1870లో అడాల్ఫ్ ఫిక్ చెప్పిన సూత్రాన్నే తీసుకుంటారు: శరీరం నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటూ, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే రక్తానికీ అక్కడి నుంచి వచ్చే రక్తానికీ లీటరుకు 50 మిల్లీలీటర్ల ఆక్సిజన్ తేడా ఉంటే, పంపింది 5 లీటర్లు. ఐసీయూలో అయితే గుండెలోకి పంపిన సన్నని గొట్టం (క్యాథెటర్) ద్వారా చల్లని సెలైన్ ఎక్కించి, ముందుకు పోయిన రక్తం ఎంత చల్లబడిందో చూసి లెక్కగడతారు.

ఆయాసానికి ముందుగా ఇవేవీ అక్కర లేదు. డాప్లర్ ఉన్న ఎకో యంత్రం చాలు. మీ రిపోర్టులో “ఎల్‌వీఓటీ వీటీఐ” అన్న వరుస, అంటే ఒక్క స్పందనలో రక్తం జరిగే ఆ దూరం, ఉందేమో చూడండి. లేకపోతే ఈసారి ఎకో తీసేటప్పుడే అది కొలిచి రాయమని అడగండి.