కొరియన్ స్కిన్‌కేర్ మంచిదా, జపనీస్‌దా? రెండూ వాడినదాన్ని చెబుతున్నాను

పెళ్లికి రెండు నెలలుంది, కొరియన్ స్కిన్‌కేర్ మొదలుపెట్టాలా, జపాన్‌ది మొదలుపెట్టాలా అని అడిగారు. నా ఓటు జపాన్‌కే. మా ఆయన ఉద్యోగం వల్ల మూడేళ్లు టోక్యోలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లో ఉన్నాం. మధ్యలో సెలవులకి సియోల్ వెళ్లి నాలుగు రోజులున్నాం.

నేను జపాన్ పద్ధతి నేర్చుకున్నది షాపులో కాదు, స్నానం దగ్గర. మా వీధి చివర ఒక సెంతో ఉండేది. డబ్బులిచ్చి అందరూ కలిసి స్నానం చేసే పాతకాలపు చోటు. వేడినీళ్ల తొట్టిలోకి దిగేముందు చిన్న స్టూలు మీద కూర్చుని ఒళ్లంతా శుభ్రంగా కడుక్కోవాలి. ఒకరోజు నేను అలవాటు ప్రకారం సబ్బు పూసుకుని తువ్వాలుతో ముఖం బరబరా రుద్దుతున్నాను. చిన్నప్పుడు మా అమ్మమ్మ సున్నిపిండి పెట్టి అలాగే రుద్దేది, మట్టి ఉండలు ఉండలుగా రాలితే గానీ వదిలేది కాదు. పక్క స్టూలు మీదున్న పెద్దావిడకి డెబ్బై దాటి ఉంటాయి. చటుక్కున నా మణికట్టు పట్టుకుని ఆపింది. "యసాషికు, యసాషికు" అంది. మెల్లగా, సుతారంగా అని. చిన్న వల లాంటి గుడ్డ మీద కాస్త ఫేస్‌వాష్ వేసి, నీళ్లు చిలకరించి, నలిపి నలిపి కోడిగుడ్డంత నురగ ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. చెయ్యి ముఖానికి తగలకూడదట, మధ్యలో నురగ మాత్రమే కదలాలట. కడిగాక తుడవకుండా తువ్వాలుతో అద్దుకోవాలని సైగ చేసి చూపించింది. ఆవిడ బుగ్గల మీద చిన్న మచ్చ కూడా లేదు. మంచి చర్మాన్ని వాళ్లు 'మోచిహడా' అంటారు. మోచి అంటే జిగురు బియ్యం దంచి చేసే మెత్తటి ముద్ద.

అక్కడ లోషన్ అంటే మన దగ్గరిలాగా చిక్కటి క్రీమ్ కాదు, నీళ్లలా ఉంటుంది. అరచేతుల్లో వేసుకుని ముఖానికి అద్ది, కాసేపు అలాగే ఆనించి ఉంచుతారు. షిసేడో కంపెనీ వాళ్లు 1897లో తెచ్చిన యూడర్మిన్ ఇలాంటిదే, ఆ పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు. కొత్తది వచ్చిందని పాతది పారేసే అలవాటు వాళ్లకి తక్కువ.

సియోల్‌లో క్రీములు, మేకప్ షాపులతో నిండిన మ్యోంగ్‌డాంగ్ వీధికి వెళ్తే కళ్లు చాలవు. ధరలు కూడా తక్కువే. కొరియావాళ్ల బుర్ర గొప్పది, ఒప్పుకుని తీరాలి. నత్త జిగురు సీరమ్‌కి ఇంత పేరు తెచ్చిందీ, స్పాంజిలో ఫౌండేషన్ నింపిన కుషన్ డబ్బా కనిపెట్టిందీ వాళ్లే. కానీ ఒక షాపులో అమ్మాయి నా ముఖంలో ఒక్కో లోపం వేలుపెట్టి చూపించి, ఒక్కోదానికి ఒక్కో సీసా చేతిలో పెట్టింది. టోనర్, ఎసెన్స్, యాంపూల్, క్రీమ్, రాత్రి పూసుకునే మాస్క్, మొత్తం పదకొండు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టాను. రెండు వారాలకి బుగ్గలు మంట, గడ్డం నిండా మొటిమలు. అన్నీ ఆపేయమని డాక్టరు చెప్పాక, తేరుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఏ సీసా వల్ల వచ్చిందో ఈరోజుకీ తెలీదు. పది పూస్తే కనిపెట్టడం ఎలా? మన ఆడపిల్లల మొటిమల్లో సగం ఈ సీసాల వల్లేనని నా గట్టి నమ్మకం.

ఇంకోటి. ముందు నూనెతో, తర్వాత నురగతో ముఖం కడగడం కొరియా కనిపెట్టిందని వీడియోల్లో చెప్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. జపాన్‌లో షు ఉయెమురా అనే మేకప్ కళాకారుడు 1960ల్లోనే క్లెన్సింగ్ ఆయిల్ అమ్మాడు.

తెల్లబడే క్రీముల జోలికి మాత్రం ఏ దేశానివైనా వెళ్లకండి. ఈ విషయంలో జపాన్‌నీ వెనకేసుకు రాను. 2013లో కనెబో కంపెనీ తెల్లబరిచే క్రీములు, లోషన్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందులో కలిపిన రోడోడెనాల్ అనే రసాయనం వల్ల వేలమందికి చర్మం మీద తెల్లమచ్చలు వచ్చాయి. మన పెళ్లిళ్లలో "పిల్ల కాస్త రంగు తక్కువ" అనే మాట ఆగితే, ఈ డబ్బాలు సగం అమ్ముడుపోవు.

మీ డబ్బులు ముందు సన్‌స్క్రీన్ మీద పెట్టండి. డబ్బా మీద కనిపించే పీఏ ప్లస్ గుర్తులు, అంటే ఎండలోని యూవీఏ కిరణాల నుంచి ఎంత కాపాడుతుందో చెప్పేవి, 1996లో జపాన్ మొదలుపెట్టినవే. జపాన్ సన్‌స్క్రీన్ నీళ్లలా తేలిగ్గా ఉంటుంది, మన ఉక్కపోతలో కూడా జిడ్డు అనిపించదు. దానికి తోడు ఒక ఫేస్‌వాష్, ఒక మాయిశ్చరైజర్ చాలు. ఏది కొన్నా ఒక్కొక్కటిగా, పది రోజుల తేడాతో మొదలుపెట్టండి. ముందు మోచేతి లోపలివైపు రాసి చూడండి. పెళ్లికి మూడు వారాల ముందు నుంచి కొత్తది ఏదీ ముట్టుకోవద్దు.

నలుగు పెట్టే రోజు పిన్నులకీ అత్తయ్యలకీ ముందే చెప్పి ఉంచండి. చేతులకీ కాళ్లకీ ఎంతైనా రుద్దనివ్వండి, ముఖానికి మాత్రం అద్ది కడిగేయమనండి.