కవులు కాలాన్ని ఎలా మలుస్తారు? గజేంద్రమోక్షం ఆధారంగా ఒక సమాధానం

కవి పద్యంలో కాలాన్ని ఆపగలడా, పరుగెత్తించగలడా, అదంతా భూత వర్తమాన క్రియలను వాడడంలోని నేర్పేనా అని మీరు అడిగారు. ఉన్నత పాఠశాలలో చాలాకాలం తెలుగు బోధించినవాడిగా నేను గమనించినంతవరకు, క్రియల కంటే ముందు చూడవలసింది పద్యాన్ని నోటితో పలకడానికి పట్టే సమయాన్ని. కథలో గడిచే కాలానికీ, దాన్ని చెప్పడానికి కవి తీసుకునే వ్యవధికీ పొంతన ఉండనక్కరలేదు. పదిహేనవ శతాబ్దపు బమ్మెర పోతన భాగవతంలో, అష్టమ స్కంధంలోని గజేంద్రమోక్షం ఇందుకు నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ.

ఏనుగూ మొసలీ వేయి సంవత్సరాలు పోరాడాయి. ఆ వేయేళ్లనూ పోతన "అలయక సొలయక" అని మొదలయ్యే ఒక్క కందంలో, అంటే నాలుగు పాదాల చిన్న పద్యంలో ఇమిడ్చాడు. ఇమిడ్చినా, రాత్రులు, సంధ్యలు, దివసాలు అని పేరుపేరునా చెప్పడం మానలేదు. పైగా "రాత్రులు" అనే మాటను రెండో పాదం చివర "రా" దగ్గర విరిచి, మిగిలిన "త్రులు"ను మూడో పాదంలోకి నెట్టాడు. కందం చదివేవారు సాధారణంగా ఊపిరి తీసుకునే చోటు సరిగ్గా అదే. మాట పూర్తికాలేదు కనుక అక్కడ ఆగడానికి వీలుండదు, ఆ పోరులో విరామం లేదన్న సంగతి చదివేవాడి ఊపిరికే తెలిసివస్తుంది.

ఏనుగు మొర విన్న విష్ణువు బయలుదేరడం మాత్రం క్షణంలో జరిగిపోయే పని. సంస్కృత మూలంలో ఆయన చక్రం ధరించి, గరుడుని మీద త్వరగా వచ్చాడని ఒక్క శ్లోకంలోనే ఉంది. పోతన ఆ క్షణాన్ని విప్పి చూపాడు. "అల వైకుంఠపురంబులో" పద్యం పురం, నగరు, మేడ, మందారవనం, సరస్సు, చంద్రకాంతశిల మీది కలువల పాన్పు అంటూ దీర్ఘసమాసంతో మనల్ని మెల్లగా లోపలికి తీసుకువెళ్లి, "సంరంభియై" (తొందరపడినవాడై) అన్న చోట వాక్యం ముగియకుండానే ఆగుతుంది. ఆ వెంటనే వచ్చే పద్యం నిండా వ్యతిరేక క్రియలే. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేపట్టడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయడు, చెవులమీదికి జారిన జుట్టు సవరించుకోడు, చివరికి చేతిలో ఉన్న లక్ష్మి పైటకొంగునైనా విడువడు. చేయని ఆరు పనులకు మత్తేభం అనే పెద్ద పద్యం మొత్తం పట్టింది. వాటిలో ఏ ఒక్కటి చేసినా ఆలస్యమయ్యేదని మనకు తోస్తూ ఉండడం వల్ల ఆ నిడివే వేగంగా మారింది. కొంగు వదలడానికి పట్టే రెప్పపాటును కూడా లెక్కలోకి తీసుకున్న కవిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

తరువాత వచ్చే "అడిగెదనని కడువడిఁ జను" కందంలో రెండు, నాలుగు పాదాల చివరి గురువులు (పలకడానికి ఎక్కువ సమయం పట్టే అక్షరాలు) తప్ప అన్నీ లఘువులే (పొట్టి అక్షరాలే). లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు కనుక పద్యం పరుగెత్తాలి, కానీ డకారం పదేపదే అడ్డుపడి నాలుకను తడబెడుతుంది. భర్తను అడగాలని వేగంగా నడిచి, అడిగినా బదులు చెప్పడని ఆగిపోయే లక్ష్మి నడక అదే. అర్థం చెప్పకముందే దీన్ని పిల్లల చేత బిగ్గరగా చదివించేవాణ్ణి, వారు తడబడిన చోట్ల నుంచే పాఠం మొదలుపెట్టేవాణ్ణి.

వచన కవితలో గణాలు (గురులఘువుల నియమిత గుంపులు) లేకపోయినా పాదాన్ని ఎక్కడ విరవాలన్నది కవి చేతిలోనే ఉంటుంది. మీకు నచ్చిన కవితను ఒకసారి బిగ్గరగా చదివి, అది మిమ్మల్ని ఎక్కడ ఆగనిస్తోందో, ఎక్కడ ఆగనివ్వడం లేదో గుర్తించి చూడండి.