బ్రేక్ ప్యాడ్లు మార్చాల్సిందేనా?

ప్రశ్న: బ్రేక్ వేస్తే కారు ముందు చక్రం కీచుమంటోంది. బ్రేక్ ఆయిల్ కూడా కాస్త తగ్గింది. ప్యాడ్లు అరిగినట్టేనా?

జవాబు: చాలావరకు అదే. ప్యాడ్ అరిగాక దానికుండే చిన్న లోహపు రేకు చక్రంతో పాటు తిరిగే డిస్కుకు రాసుకుని కూత పెడుతుంది. (తడిసిన డిస్కు పొద్దున్నే ఒకటి రెండుసార్లు కీచుమంటే పట్టించుకోనక్కర్లేదు.) కొత్త ప్యాడ్‌లో రాపిడి పొర సుమారు 10 మి.మీ. ఉంటుంది, వెనక ఇనప పలకను కలపకుండా 3 మి.మీ.కి వస్తే మార్చెయ్యండి. లోపలి ప్యాడ్ కూడా చూడాలి. క్యాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు బిగుసుకుపోతే, బయటిది బాగానే ఉన్నా లోపలిది ముందే అరిగిపోతుంది. శబ్దం గరగరమని మారితే ఇనుము డిస్కును కోస్తున్నట్టే, బండి తియ్యొద్దు. ముందు చక్రాలు రెండింటికీ కలిపే మార్చండి. ఆయిల్ మాత్రం ఇప్పుడు నింపకండి. కొత్త ప్యాడ్ల కోసం, వాటిని నెట్టే పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు మట్టం పెరిగి పొంగిపోతుంది. ఆయిల్ దాని డబ్బా మీది కనిష్ఠ గీత కిందకు దిగితే లీకేజీ ఉందేమో చూపించండి.